శరత్కాలపు కూరగాయల సాగు

సమశీతోష్ణ దేశాల్లో వేసవి ఇంకా పోకముందే, జులై నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా విత్తి లేదా నాటి, సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపల కోసుకునే కూరగాయలను శరత్కాలపు పంట అంటారు. అమెరికా, కెనడా, ఐరోపా, కొరియా, జపాన్‌లలో ఇది ఏటా తోటకు రెండో కాపు. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, కేల్, ముల్లంగి, టర్నిప్, క్యారెట్, బీట్‌రూట్, పాలకూర, లెట్యూస్, ఆవకూర ఇందులో ముఖ్యమైనవి. మన ఆశ్వయుజ, కార్తీక మాసాలే అక్కడ కోతల కాలం కాబట్టి శరత్తు అన్న మాట ఈ పంటకు చక్కగా అతుకుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఇదే పని ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేస్తారు.

ఇంటి తోటలు పెంచేవాళ్లలో చాలామంది వసంతంలో ఉత్సాహంగా నాటి, జులై ఎండలకు విసిగి, ఆగస్టు వచ్చేసరికి మడులను కలుపుకు వదిలేస్తారు. ఏడాదిలోకెల్లా రుచిగల కూరగాయలు పండేది ఆ వదిలేసిన సగంలోనే. ఒళ్లు మండే ఎండలో నిలబడి చలికాలపు పంట గురించి ఆలోచించడం మనసుకు పట్టని పని. ఈ సాగు తప్పిపోవడానికి అసలు కారణం అదే. తెగుళ్లు, పురుగులు దాని తర్వాతే.

పొద్దు తగ్గడంలోని మేలు

వసంతంలో వేసిన ఆకుకూరకు దినదినానికీ పొద్దు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. పాలకూర, ముల్లంగి, లెట్యూస్, కొత్తిమీర లాంటివి ఆ రెండూ కలిసేసరికి ఆకు వేయడం మానేసి పూతకాడ లేపుతాయి. ఆకు చేదెక్కుతుంది, ముల్లంగి దుంప బెండుబారుతుంది. శరత్తులో ఈ వరస తిరగబడుతుంది. విత్తేనాటికి నేల వెచ్చగా ఉంటుంది, తేమ నిలబెడితే ముల్లంగి లాంటివాటికి మొలక కొద్ది రోజుల్లోనే కనబడుతుంది. మొక్క ఎదిగేకొద్దీ గాలి చల్లబడుతుంది, పొద్దు కుంచించుకుపోతుంది. పూతకు పురికొల్పేదేమీ ఉండదు కనుక మొక్క తన బలమంతా ఆకుకో దుంపకో పెడుతుంది. ఏప్రిల్‌లో వేసిన పాలకూర మడి నాలుగు కోతలకే పూతకు వస్తే, ఆగస్టు ఆఖరున వేసిన మడి మంచు దాకా ఆకు ఇస్తూనే ఉంటుంది.

పాలకూర విషయంలో తెలుగు పాఠకులకు ఒక మాట చెప్పాలి. మన మార్కెట్లో ఆ పేరుతో దొరికే ఆకు చాలావరకు బీట్‌రూట్‌కు దగ్గరి చుట్టం, వేడిని బాగానే ఓర్చుకుంటుంది. చలిదేశాల్లో స్పినాచ్ అనేది వేరే మొక్క, ఈ వ్యాసంలో పాలకూర అంటున్నది దాన్నే. అది చల్లదనాన్ని కోరుతుంది, పొద్దు పెరిగితే వెంటనే పూతకు వస్తుంది. ఇక్కడి పాలకూర అలవాటుతో అక్కడ స్పినాచ్‌ను మే నెలలో వేసి నష్టపోయినవాళ్లు చాలామంది ఉంటారు.

పొద్దు తగ్గడంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. వెలుతురు తగ్గితే ఎదుగుదల మందగిస్తుంది. విత్తనాల పొట్లం మీద 60 రోజుల పంట అని ఉంటే అది వసంతపు వెలుతురులో లెక్క. శరత్తులో అదే పంటకు మరో 14 రోజులు కలుపుకోవాలని తోటమాలులు చెబుతారు. ఈ రెండు వారాలు కలపకపోవడమే కొత్తవాళ్లు తరచు చేసే పొరపాటు.

వెనక నుంచి లెక్క

ఈ సాగంతా ఒక తేదీ చుట్టూ తిరుగుతుంది. అది ఆ ఊళ్లో తొలి మంచు పడే రోజు. మనకు మంచు అంటే ధనుర్మాసపు పొగమంచు, గడ్డిపరకల మీది నీటిబొట్లు గుర్తొస్తాయి. ఇక్కడ చెబుతున్నది వేరు. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి ఆకు మీది తేమ ఉప్పు చల్లినట్టు తెల్లగా గడ్డకడుతుంది. తెల్లారి ఎండ తగలగానే వంగ, టమాటా, బెండ, బీర ఆకులు వేడినీళ్లలో ముంచి తీసినట్టు నల్లబడి వేలాడతాయి. ఆ మొక్కలకు అదే ఆఖరు. క్యాబేజీ కుటుంబానికి, క్యారెట్‌కు, పాలకూరకు మాత్రం పొద్దెక్కేసరికి మంచు కరిగిపోతుంది, మొక్క మళ్లీ నిటారుగా లేస్తుంది. ఉష్ణోగ్రత సున్నాకు రెండు మూడు డిగ్రీలు కిందికి పోయినా వాటికి ఇబ్బంది ఉండదు.

తొలి మంచు సగటున మినియాపొలిస్‌లో అక్టోబరు మొదటి పక్షంలో, షికాగోలో రెండో పక్షంలో, డాలస్‌లో నవంబరు రెండో పక్షంలో పడుతుంది. సగటు అంటే దాదాపు సగం ఏళ్లలో అంతకు ముందే పడుతుందని అర్థం. అమెరికా వ్యవసాయ శాఖ 1960లో మొదటిసారి వేసి, 2023లో తాజాగా సవరించిన మండలాల పటాన్ని చాలామంది ఈ లెక్కకు వాడుతుంటారు. అది పొరపాటు. ఆ పటం చలికాలంలో ఎంత కనిష్ఠ ఉష్ణోగ్రత నమోదవుతుందో చెబుతుంది. బతికి ఏళ్లతరబడి నిలిచే చెట్లకు అది పనికొస్తుంది. మంచు ఏ తేదీన మొదలవుతుందో అందులో ఉండదు.

ఒక ఊళ్లో తొలి మంచు అక్టోబరు 20 అనుకుందాం. బ్రోకలీ పొట్లం మీద నాటిన రోజు నుంచి 60 రోజులని ఉంది. దానికి పొద్దు తగ్గినందుకు 14, కోతలు సాగడానికి మరో 14 కలిపితే 88 రోజులు. బ్రోకలీ తొలి మంచు తర్వాత కూడా రెండు వారాలు నిలుస్తుంది కాబట్టి 14 తీసేస్తే 74. అక్టోబరు 20 నుంచి 74 రోజులు వెనక్కి వెళితే ఆగస్టు 7 వస్తుంది. ఆ రోజుకు నాటడానికి నారు చేతిలో ఉండాలి. నారు సిద్ధమవడానికి ఐదు వారాలు పడుతుంది, అంటే విత్తనం జులై మొదటి వారంలోనే ట్రేలో పడాలి. పొట్టి బీన్స్ అయితే మంచును ఓర్చదు, మినహాయింపు దొరకదు. 55 రోజుల పంటకు 14, కోతలకు 14 కలిపి 83 రోజులు. జులై 29కి విత్తనం నేలలో ఉండాలి. 25, 30 రోజుల్లో వచ్చే ఎర్రముల్లంగిని మాత్రం సెప్టెంబరు నడిమి దాకా వారానికొక చాలు చొప్పున వేసుకోవచ్చు.

పొట్లం మీది రోజులు ఎక్కడి నుంచి మొదలవుతాయో కూడా చూసుకోవాలి. నారు పోసే పంటలకు ఆ లెక్క నాటిన రోజు నుంచి, క్యారెట్, ముల్లంగి లాంటి నేరుగా విత్తే పంటలకు విత్తిన రోజు నుంచి ఉంటుంది.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కథ వేరు. టెక్సస్‌లో రాత్రి వేడి 24 డిగ్రీల సెల్సియస్ దిగకపోతే టమాటా పూత నిలవదు, పిందె కట్టకుండానే రాలిపోతుంది. అందుకే అక్కడివాళ్లు జులైలో మళ్లీ టమాటా నారు నాటి, సెప్టెంబరు చివర రాత్రులు చల్లబడ్డాక పిందె పట్టించి, నవంబరు మంచు లోపల కాయలు కోసుకుంటారు.

ఎండలో మొలక తేవడం

నేల వేడి 27 నుంచి 30 డిగ్రీలు దాటితే చాలా రకాల లెట్యూస్ గింజలు మొలవవు. చచ్చిపోయి కాదు, వేడిలో మొలిస్తే బతకమని నిద్రలో ఉండిపోతాయి. స్పినాచ్‌దీ దాదాపు అదే తీరు. ముందు తడి గుడ్డలో మూటకట్టి రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, ఆపైన సాయంత్రం పూట విత్తి, పైన షేడ్‌నెట్ కట్టడం దీనికి తెలిసిన ఉపాయం. నారు పోయదగ్గవన్నీ ట్రేలలో చెట్టు నీడన పెంచి, మబ్బు పట్టిన రోజు చూసి నాటడం ఇంకా మేలు.

క్యారెట్‌కు ఆ వెసులుబాటు లేదు. వేరు కదిపితే దుంప చీలుతుంది కనుక నేరుగా విత్తాల్సిందే. గింజ అర అంగుళం లోతుకు మించి పడకూడదు, మొలకకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆగస్టు ఎండలో పై అర అంగుళం మట్టి మధ్యాహ్నానికే బూడిదలా ఆరిపోతుంది. ఇక్కడ పాత తోటమాలులు ఒక చెక్క పలకతో పని గట్టెక్కిస్తారు. చాలును ముందు నీళ్లతో బాగా తడిపి, గింజ చల్లి, పలుచగా మట్టి కప్పి, మళ్లీ తడిపి, పైన చెక్క పెట్టేస్తారు. నాలుగో రోజు నుంచి పొద్దున్నే చెక్క ఎత్తి చూడాలి. కింద మట్టి నల్లగా, చల్లగా ఉంటుంది. ఒక రోజు పొద్దున మట్టి పగిలి, దారప్పోగుల్లా తెల్లటి మొలకలు వంగి కనిపిస్తాయి. అప్పటికప్పుడు చెక్క తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగి పడిపోతాయి.

వసంతపు పంట తీసిన మడిలోనే రెండో పంట వేస్తాం కనుక నేలలో సారం తగ్గి ఉంటుంది. బాగా చివికిన పశువుల ఎరువు గానీ కంపోస్టు గానీ కలపకుండా క్యాబేజీ జాతి మొక్కలు నాటితే ఆకులు పసుపుబారి గడ్డ కట్టకుండా మిగిలిపోతాయి. ఎండుగడ్డి పరిచి నేలను చల్లగా ఉంచడం రెండో అవసరం. వసంతంలో క్యాబేజీ వేసిన మడిలో మళ్లీ ఆ కుటుంబాన్నే వేయకూడదు, వేరువాపు తెగులు నేలలో ఏళ్లతరబడి నిలుస్తుంది. ఆగస్టులో తెల్ల సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే కాలం కూడా కావడంతో, నాటిన రోజే సన్నని వల కప్పడం ఏ మందుకన్నా బాగా పనిచేస్తుంది. పురుగు పట్టాక వల కప్పితే దాన్ని లోపల దాచినట్టే.

ఒకే కుటుంబం, ఒక శాస్త్రవేత్త

శరత్కాలపు తోటలో సగానికి పైగా ఆవ కుటుంబమే. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, కేల్, నూల్‌కోల్, బ్రసెల్స్ స్ప్రౌట్స్ చూడ్డానికి ఎంత వేరుగా ఉన్నా ఒకే జాతి మొక్కకు మనిషి వందల ఏళ్లుగా ఎంచి పెంచిన రూపాలు. టర్నిప్, చైనా క్యాబేజీ ఇంకో జాతి. మన పోపుల పెట్టెలోని ఆవాలు ఎలా పుట్టాయో 1935లో ఉ జాంగ్‌చున్ అనే శాస్త్రవేత్త తేల్చి చెప్పాడు. టర్నిప్ జాతీ, నల్ల ఆవ జాతీ ప్రకృతిలో కలిసి, ఒకదాని 10, రెండో దాని 8 క్రోమోజోముల జతలూ అలాగే నిలిచి 18 జతల కొత్త జాతి ఏర్పడిందని ఆయన వివరణ. ఆవ కుటుంబంలోని ఆరు జాతుల చుట్టరికాన్ని ఒక త్రిభుజంగా గీసిన ఆ పటం నేటికీ ఆయన పేరు మీదే ఉంది.

1898లో టోక్యోలో కొరియా తండ్రికీ జపాన్ తల్లికీ పుట్టిన ఆయన, 1950లో కొరియాకు వెళ్లి 1959లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. జపాన్ పాలన పోయాక మంచి విత్తనం దొరక్క అల్లాడుతున్న ఆ దేశానికి క్యాబేజీ, ముల్లంగి విత్తనాలు తయారుచేసి ఇచ్చాడు. ఆ రెండు పంటలే ఎందుకన్నది కొరియా శరత్తు చూస్తే తెలుస్తుంది.

ఎండ తగ్గుముఖం పట్టే ఆగస్టు 23 ప్రాంతాన్ని కొరియా పంచాంగంలో చోసో అంటారు. ఆగస్టు మొదటి, రెండో వారాల్లో ట్రేలలో పోసిన క్యాబేజీ నారు ఆ రోజుల చుట్టూ పొలానికి చేరుతుంది. ముల్లంగిని నేరుగా విత్తుతారు. అక్టోబరు చివర చలి ముదిరేముందు క్యాబేజీ బయటి ఆకులను పైకి తీసి గడ్డితాడుతో కట్టడం పాత పద్ధతి. లోపలి గడ్డ మంచుకు దెబ్బతినకుండా బయటి ఆకులే దుప్పటి అవుతాయి. నవంబరు 7 ప్రాంతంలో ఇప్‌దోంగ్, అంటే శీతాకాలపు ప్రవేశం. అప్పటినుంచి ఇళ్లలో కిమ్‌జాంగ్ మొదలవుతుంది. క్యాబేజీ గడ్డలను నిలువునా చీల్చి, ఉప్పులో ఊరేసి, ముల్లంగి తురుము, మిరపపొడి, వెల్లుల్లి, ఉప్పుచేపల ఊట కలిపిన ముద్దను ఒక్కో ఆకు మధ్యా పూసి చలికాలానికంతా సరిపడా కిమ్చి పెడతారు. బంధువులూ ఇరుగుపొరుగులూ కలిసి చేసే ఈ పనిని మన ఇళ్లలో ఆవకాయ పెట్టే రోజుతో పోల్చుకోవచ్చు. మనది ఎండాకాలపు ఊరగాయ, వాళ్లది చలికాలపుది. యునెస్కో 2013లో దక్షిణ కొరియా కిమ్‌జాంగ్‌ను, 2015లో ఉత్తర కొరియా కిమ్చి సంప్రదాయాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఈ పండగంతా ఆగస్టు ఎండలో వేళకు నాటిన నారు మీద ఆధారపడింది.

చలి ఇచ్చే తీపి

ఇంటి తోటలో కేల్ పండించేవాళ్లు మొదటి మంచు పడేదాకా కోత మొదలుపెట్టరు. అంతకు ముందు ఆకు ముతకగా, కాస్త చేదుగా ఉంటుంది. రెండు మంచు రాత్రులు గడిచాక అదే మొక్క ఆకు తీపెక్కుతుంది. చలి తగలగానే మొక్క తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. చక్కెర కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, ఆ విధంగా కణాలు పగలకుండా కాపాడుకుంటుంది. క్యారెట్, పార్స్‌నిప్, బ్రసెల్స్ స్ప్రౌట్స్‌లోనూ ఇదే జరుగుతుంది. జపాన్‌లో దీన్నే సాగు పద్ధతిగా మార్చి, ఎదిగిన పాలకూర ఉన్న పాలీహౌస్ తెరలు ఎత్తేసి కావాలనే చలిగాలి తగలనిచ్చి, మందమైన తియ్యటి ఆకు తీస్తారు.

శరత్తు పంటను ఇంకా ముందుకు లాగవచ్చని చేసి చూపినవాడు అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు రైతు ఎలియట్ కోల్‌మన్. ఆయన పుస్తకం ‘ఫోర్ సీజన్ హార్వెస్ట్’ 1992లో వచ్చింది. పగలు పది గంటల కన్నా తగ్గితే మొక్క ఎదుగుదల ఇంచుమించు ఆగిపోతుంది. 44వ అక్షాంశం మీద ఉన్న ఆయన పొలంలో అది నవంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా ఉంటుంది. గ్రీకు పురాణంలో పాతాళానికి వెళ్లిన పెర్సిఫొనీ పేరు ఆ రోజులకు పెట్టారు. మొక్క ఆలోపు ముప్పాతిక వంతైనా ఎదిగి ఉంటే, పైన పలచని గుడ్డో గాజు పెట్టెనో కప్పి, తోటనే నిలవ గదిగా వాడుకుంటూ చలికాలమంతా కోసుకోవచ్చు. ఇక్కడా తిరిగి ఆగస్టు తేదీకే వస్తాం. కప్పు చలిని ఆపుతుంది గాని, పోయిన వెలుతురును తెచ్చివ్వలేదు.

చిన్న తోటకు ఇంత ఏర్పాటు అక్కర్లేదు. తొలి మంచు రాత్రి తర్వాత తరచు రెండు మూడు వారాలు మళ్లీ వెచ్చగా ఉంటుంది. ఆ ఒక్క రాత్రి పాత దుప్పటి కప్పి పొద్దున్నే తీసేస్తే మిరప, టమాటా అన్ని వారాలు కాస్తాయి.

తెలుగు నేల మీద, తెలుగువాళ్ల తోటల్లో

లంబసింగి లాంటి కొండ ఊళ్లలో ఉష్ణోగ్రత ఎప్పుడైనా సున్నాకు దగ్గరపడ్డా, ఆంధ్ర, తెలంగాణల్లో పంటను చంపే మంచు భయం లేదు. మనం వెనక నుంచి లెక్కపెట్టాల్సింది మంచు నుంచి కాదు, ఎండ నుంచి. శివరాత్రికి చలి వెళ్లిపోతుందని మన పెద్దలంటారు. ఆ తర్వాత కాలీఫ్లవర్ పువ్వు విడిపోతుంది, కొత్తిమీర పూతకొస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసి, ఉత్తర, హస్త కార్తెల్లో నాటి, పుష్యమాసానికి కోతలు ముగించుకునే రైతు చేసేది కూడా వెనక నుంచి లెక్కే. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుఫాన్లకు నారు కుళ్లకుండా ఎత్తు మడులు చేయడం మనకు అదనంగా పడే పని. క్యాబేజీ తోటల్లో ప్రతి 25 వరుసలకు 2 వరుసల ఆవ వేస్తే డైమండ్ రెక్కల పురుగు దాని మీదకు మళ్లుతుంది.

కాలీఫ్లవర్‌కు మన దేశంలో చలికాలమంతా ఒక రకం కాదు, నెలకో రకం ఉంది. 1822లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఈ మొక్కను ఉత్తరాది రైతులు తరతరాలుగా ఎంచి, పువ్వు వచ్చే మాసం పేరుతో పిలిచారు. కున్వారీ ఆశ్వయుజానికి, కాత్కీ కార్తీకానికి, అగహనీ మార్గశిరానికి, పూసీ పుష్యానికి, మాఘీ మాఘానికి. తొలి రకాలు 20 నుంచి 27 డిగ్రీల వేడిలోనే పువ్వు కడతాయి, స్నోబాల్ లాంటి చివరి రకాలకు 10 నుంచి 16 డిగ్రీలు కావాలి. తొలి రకాన్ని ఆలస్యంగా వేస్తే బొత్తామంత పువ్వు వస్తుంది. చివరి రకాన్ని తొందరపడి వేస్తే ఆకే మిగులుతుంది. పంచాంగాన్ని విత్తనం పేరులోనే రాసిన ఈ రైతుల తెలివికి సాటి ఉదాహరణ కూరగాయల సాగులో నాకు కనబడలేదు.

మన నాటు చిక్కుడుదీ ఇదే కోవ. ఆషాఢంలో పెట్టిన పాదు పందిరి నిండా అల్లుకున్నా, పొద్దు తగ్గేదాకా పూయదు. కార్తీకంలో పూసి, సంక్రాంతికి కాయ నిండి, రథసప్తమి నాడు సూర్యుడికి రథం కట్టడానికీ, పరమాన్నం వడ్డించడానికీ కాయా ఆకూ అందిస్తుంది.

అమెరికాలోని తెలుగు ఇళ్ల పెరళ్లలో వేసవంతా బీర, సొర, గోంగూర రాజ్యం చేస్తాయి. గోంగూర పొద్దు తగ్గగానే పూతకు వస్తుంది, మంచు పడగానే మూడూ పోతాయి. ఆ పాదులు ఇంకా కాస్తున్నాయి కదా అని ఆగస్టును వదులుకోవద్దు. పక్కనే గజం స్థలం ఖాళీ చేసి, కాస్త కంపోస్టు కలిపి, నెల ఆఖరి వారంలో ధనియాలు చేత్తో నలిపి రెండు బద్దలు చేసి ఒక చాలు, మెంతులు ఒక చాలు చల్లి, గింజ మొలిచేదాకా పైన తడి గోనె పరచండి. జూన్‌లో ఇట్టే పూతకొచ్చిన కొత్తిమీర, దీపావళి దాటినా కోతకు అందుతుంది.